నడిమి చక్రం నేలకి ఆనిందా లేదా: సైడు చక్రాల స్కూటర్‌తో ఏడున్నరేళ్లు

వెనక నడిమి చక్రం నేలకి సరిగా ఆనతా ఉందో లేదో చూసుకోమ్మా అని 2017 డిసెంబర్లో నాకు ఒక్కరంటే ఒక్కరు చెప్పుంటే నాలుగేళ్ల యాతన తప్పేది. చెప్పేవాళ్లు ఎవరూ లేకపోయారు. అందుకే ఇది రాస్తున్నా, సైడు చక్రాల స్కూటర్ కొనబోయే వాళ్లు ఎవరైనా ఉంటే మిగతాదంతా వదిలేసినా పర్లేదు, ఈ నడిమి చక్రం సంగతి మాత్రం చదవండి.

స్కూటర్ గురించి నేనేం చెప్పను, అందరిళ్లలో ఉండే 110 సీసీ గేర్లు లేని బండే, దాని ఇంజను, పికప్పు అన్నీ మీకు తెలిసినవే. నేను చెప్పేదంతా దాని వెనక బిగించిన సైడు చక్రాల కిట్టు గురించి. నాకు చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు పడిపోయింది, క్యాలిపర్ (కాలికి ఊతంగా బిగించే చట్రం) వేసుకుని చేతికర్రతో నడుస్తా. ఉండేది నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో, పని పెన్నా దాటి కోవూరు అవతల ఒక రైస్ మిల్లులో, ఆడ లెక్కలు రాస్తా. పోనూ రానూ రోజుకి 18 కిలోమీటర్లు, ఇప్పటికి 38 వేలు దాటింది. మా వీధిలో అందరూ దీన్ని మూడు చక్రాల బండి అంటారు, ఎనక నించి చూస్తే మూడు కనపడతాయి కాబట్టి. ముందుదీ లెక్కేస్తే నాలుగు. బండిని లాగేదీ, ఎనక బ్రేకు పట్టేదీ ఆ నడిమిది ఒక్కటే, పక్కన ఉండే రెండూ పడిపోకుండా పట్టుకునేవి, అంతే. ఈ తేడా నాకు అర్థం కావడానికే నాలుగేళ్లు పట్టింది.

మొదటి ఏడాది నేను ఈ కిట్టుని మెచ్చుకోని రోజు లేదు. బండి లేనప్పుడు వెంకటేశ్వరపురం దాకా షేర్ ఆటోలో ఒకరి ఒళ్లో ఒకరం కూర్చున్నట్టు పోయి, ఆడ ఇంకో ఆటో పట్టుకుని, మిల్లు దగ్గర మెయిన్ రోడ్డు నించి కిలోమీటరు నడక. బస్సు మెట్టు ఎత్తుకి నా కాలు లేవదు, కండక్టర్ తొందర పెడతాడు, వెనక నిలబడ్డోళ్లు చెయ్యి పట్టి లాగుతారు, సాయమే అనుకో, కానీ రోజూ ఎవరో ఒకరు చెయ్యి పట్టి లాగితేనే పనికి పోగలిగే బతుకు ఎట్టా ఉంటాదో అనుభవించినోళ్లకే తెలుస్తాది. బండి వచ్చిన మొదటి సోమవారం నేను ఒక్కదాన్నే పెన్నా బ్రిడ్జి మీద పోయినా, నది వైపు నించి గాలి కొడతా ఉంటే. ఆ రోజు నాకు ఇప్పటికీ గుర్తే.

కిట్టు బిగించిన షాపతను (ఊరు పేరూ షాపు పేరూ వద్దు) బండిని చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఊపి చూపించాడు, "గోడ మాదిరి నిలబడతాది మేడం, ఊపి చూడండి, కదల్దు" అన్నాడు. నేనూ ఊపి చూశా, కదల్లా. ఆ మాటే నన్ను అడిగిన వాళ్లందరికీ చెప్పుకుంటా వచ్చా, గోడ మాదిరి ఉంటాది, భయం లేదు అని. నా మాట విని ముగ్గురు అదే రకం కిట్టు వేయించుకున్నారు, ఒకామె కావలిలో, ఇద్దరు నెల్లూర్లోనే. వాళ్లకి తర్వాత ఫోన్ చేసి నేను చెప్పింది తప్పు అని చెప్పుకోవాల్సి వచ్చింది. బండి గోడ మాదిరి కదలకుండా నిలబడటమే దాని రోగం అని మాకెవరికీ తెలియదు అప్పటికి.

ఆ కిట్టులో ఏముందంటే, ఒక లావాటి ఇనప రాడ్డు అడ్డంగా, దాని రెండు చివర్లా రెండు చిన్న చక్రాలు, రాడ్డుని బండి బాడీకి నట్లు బోల్టులతో బిగించేశారు, మధ్యలో స్ప్రింగు గానీ షాక్ అబ్జార్బర్ గానీ ఏమీ లేదు. అంటే నేను ఎక్కి కూర్చున్నా, నా వెనక ఇంకొకరు కూర్చున్నా, ఆ బరువంతా పోయి సైడు చక్రాల మీద పడతాది. నడిమి చక్రానికి దాని సొంత షాక్ ఉంది కదా, అది ఎంత కిందకి సాగగలదో అంతవరకే నేలని నొక్కుతాది, గుంట అంతకన్నా లోతు ఉంటే చక్రం గాల్లో ఉండిపోతాది. సాఫీ తారు రోడ్డు మీద ఇది బయటపడదు. షాపు ముందర నాపరాళ్ల నేల మీద అసలే బయటపడదు.

సూచనలు రాకపోలేదు. వానలో సిమెంటు రోడ్డు మీద ఎక్సలేటర్ ఇస్తే వెనక జుయ్యిమని ఒక్క క్షణం తిరిగి తర్వాత కదిలేది, తడి కదా అనుకున్నా. మా పెదనాన్న వాళ్లింటికి పోతే ఆడ కారు కోసం కట్టిన ర్యాంపు, రెండు సిమెంటు పట్టీలు, మధ్యలో ఖాళీ. నా సైడు చక్రాలు సరిగ్గా ఆ పట్టీల మీదకి, నడిమిది ఖాళీలోకి. ఎక్కలేక ఆగిపోయా. సర్లే అని బ్రేకు లాక్ వేసి హారన్ కొట్టి పిలుద్దాం అనుకున్నా, లాక్ వేసినా బండి మెల్లిగా వెనక్కి జారతా పోతా ఉంది! గుండె ఆగినంత పనైంది. లాక్ పట్టేది నడిమి చక్రాన్నే కదా, అది నేల మీద లేకపోతే లాక్ ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని అరిస్తే పెద్దమ్మ వచ్చి చక్రం కింద ఇటిక పెట్టింది. అప్పుడు కూడా నేను ర్యాంపుని తిట్టుకున్నా గానీ కిట్టుని అనుమానించలా. ఒకసారి మనకి మంచి చేసిన వస్తువు మీద అనుమానం అంత తొందరగా రాదు.

అసలు కథ 2021 డిసెంబర్లో. ఆ నవంబర్లో పెన్నాకి వచ్చిన వరద నెల్లూరోళ్లు ఎవరూ మర్చిపోరు, పడుగుపాడు దగ్గర హైవే తెగిపోయింది, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, రైళ్లు ఆగిపోయాయి. మా మిల్లుకి పోయే మట్టి రోడ్డు మీద గ్రావెల్ అంతా నీళ్లతో పోయింది. నీళ్లు తీసినాక ట్రాక్టర్లు, లారీలు అదే బురదలో తిరిగి తిరిగి రెండు పక్కలా లోతుగా గాడులు పడిపోయాయి. మిల్లులో తడిసిన బస్తాల లెక్క తేలక ఆ రోజు నాకు లేటయింది, బయల్దేరేసరికి ఆరున్నర, డిసెంబర్ కదా అప్పటికే చీకటి. ఎదురుగా లారీ లైట్లు వేసుకుని వస్తా ఉంటే దారి ఇద్దామని ఎడమకి తీశా, ముందు చక్రం ట్రాక్టర్ గాడిలోకి దిగింది. లారీ పోయింది. నేను ఎక్సలేటర్ ఇస్తే ఇంజను అరుస్తా ఉంది, బండి అంగుళం కదల్లా. ఇంకొంచెం ఇచ్చా, వెనక నించి బురద లేచి నా వీపు మీదకి కొట్టింది.

రెండు కాళ్లు బాగుండే వాళ్లకి బండి ఇరుక్కుంటే దిగి తోస్తారు. నాకు దిగడమే ఒక పని, అందులో మోకాలి కింద దాకా బురద, క్యాలిపర్ బూటు దిగబడితే మళ్లీ పైకి లాగేవాళ్లు కావాలి, చేతికర్ర ఎంత గుచ్చితే అంత లోపలికి పోతాది. ఇంజను ఆపేసి కూర్చున్నా. మిల్లుకి ఫోన్ చేస్తే ఎత్తలా. అమ్మకి చేస్తే కంగారు పడి ఆ చీకట్లో బయల్దేరుతాది, చెయ్యలా. కప్పల అరుపులు తప్ప ఏమీ లేదు చుట్టూ, కాలవలో నీళ్ల చప్పుడు, దూరంగా కోవూరు లైట్లు. నిజం చెప్పాలంటే ఏడుపు వచ్చింది, భయంతో కాదు, నాలుగేళ్లు నేను ఒక్కదాన్నే పోగలను అని నమ్ముకున్నది అంతా ఆ బురదలో ఆగిపోయినట్టు అనిపించి.

పావుగంటకి అనుకుంటా, నారుమడికి నీళ్లు చూసుకోను పోతా ఒక పెద్దాయన టార్చిలైటుతో వచ్చాడు. "ఏంది పాపా, దిగబడిందా?" అన్నాడు. ఔను తాతా, వెనక చక్రం తిరగతా ఉంది గానీ కదల్లా అన్నా. ముందు తోసి చూశాడు, ఒక్క మనిషికి యాడ కదులుతుంది. తర్వాత ఒంగి వెనక లైటు వేసి చూశాడు, చూసి నా చేతికర్ర అడిగి తీసుకున్నాడు, తీసుకుని నడిమి చక్రం కింద అటు నించి దూరిస్తే ఇటు వైపు వచ్చేసింది కర్ర. "పాపా, నీ చక్రం గాల్లో ఉండాదే, నేలకి యాడ తగిలింది ఇది" అన్నాడు. నేను సీటు మీద నించి ఒంగి చూశా. నిజమే. పక్క చక్రాలు రెండూ గాడికి అటూ ఇటూ ఉన్న గట్ల మీద ఎక్కి కూర్చున్నాయి, నడిమిది బురద నీళ్ల మీద వేలాడతా ఉంది. నాలుగేళ్లలో మొదటిసారి నా బండి వెనక ఏం జరగతా ఉందో నా కళ్లతో చూశా.

"పక్క టైర్లలో గాలి తీసెయ్, కిందకి దిగతాది. పెన్నాలో ఇసక తోలేటప్పుడు మేం అట్టనే చేసేవోళ్లం" అన్నాడు ఆయన, ఒకప్పుడు ఇసక ట్రాక్టర్ తోలాడంట. గాలి తియ్యడానికి ఏముంది నా దగ్గర, లెక్కలు రాసే బాల్ పెన్ను ఉంది. ఎడమ చక్రం వాల్వు పై వైపే ఉంది, సీటు మీద పక్కకి ఒంగి నేనే పెన్ను మొనతో వాల్వు లోపలి పిన్ను నొక్కి పట్టుకున్నా, సుయ్యిమని గాలి పోతా ఉంటే ఆయన లైటు పట్టుకున్నాడు. కుడి చక్రం వాల్వు బురదలో కింద ఉంది. ఆయన పెన్ను తీసుకుని మోచేతి దాకా బురదలో చెయ్యి పెట్టి తడుముకుంటా నొక్కాడు. పూర్తిగా తియ్యలా, టైరు సగం చప్పబడేదాకా. బండి ఎంత దిగిందో నాకు తెలియదు, అంగుళం దిగి ఉంటాది. గట్టు మీద ఉన్న వరిగడ్డి రెండు గుప్పిళ్లు తెచ్చి నడిమి చక్రం ముందర తోశాడు. స్టార్ట్ చేసి సన్నగా ఎక్సలేటర్ ఇచ్చా. ఒకసారి జారింది, తర్వాత పట్టింది. ఆ పట్టడం నాకు సీటు కింద తెలిసింది, నేల దొరికినట్టు. ఆయన తారు రోడ్డు దాకా లైటు వేసుకుని పక్కనే నడిచాడు, తర్వాత నేను పది స్పీడులో మెల్లిగా పోయి పంచర్ షాపులో గాలి పట్టించుకుని ఇంటికి చేరా. తర్వాత వేసవిలో ఆయన మా మిల్లుకే వడ్లు తోలుకొచ్చాడు, పుట్టి 850 కేజీల లెక్కన తూకం చీటీ రాసింది నేనే, ఆయన అడిగిన మొదటి మాట ధర గురించి కాదు, "చక్రం నేలకి దిగిందా పాపా?" అని.

దిగింది. ఎట్టా దిగిందో చెప్తా, ఇదే ముఖ్యం. ఆ నెలలోనే నెల్లూర్లో ఒక వెల్డింగ్ మిస్త్రీ దగ్గరికి పోయి ఆ రాడ్డు తీయించేశా. దాని బదులు రెండు పక్కలకీ వేరువేరు ఆర్ములు, ఒక్కోదానికి ఒక్కో షాక్ అబ్జార్బర్. ఇప్పుడు ఎడమ చక్రం గుంటలో దిగితే అదొక్కటే దిగతాది, గట్టు ఎక్కితే అదొక్కటే పైకి లేస్తాది, బాడీ కిందకి ఒంగతాది, నా బరువులో ఎక్కువ భాగం నడిమి చక్రం మీదే ఉంటాది. అదే రోడ్డు, అదే బురద, తర్వాత వానాకాలం ఒక్కసారి కూడా ఆగలా. నడుం నొప్పి కూడా తగ్గింది, పాత కిట్టుతో పెన్నా బ్రిడ్జి జాయింట్లు ఒక్కొక్కటీ వెన్నులో లెక్క పెట్టుకునేదాన్ని.

అట్టని స్ప్రింగుల కిట్టు అంటే ఇక ఆలోచన లేకుండా కొనేయండి అని కూడా చెప్పను, పైన మెచ్చుకున్నదానికి కొంచెం సర్దుబాటు ఉంది. స్ప్రింగులు ఉంటే మలుపులో బండి బయటి వైపుకి ఒరుగుతాది. రాడ్డు కిట్టుకి ఆ ఒరుగుడు లేదు, మలుపులో అదే ధైర్యంగా అనిపించేది, ఒప్పుకోవాలి. మొదటి నెల నాకు ప్రతి మలుపూ పడిపోతున్నట్టే ఉండేది. ఇంకోటి, రెండు స్ప్రింగుల్లో ఒకటి ముందుగా మెత్తబడతాది, నాకు ఎడమది, అప్పుడు బండి ఆగినప్పుడు కూడా ఎడమకి వాలి నిలబడతాది. రెండేళ్లకి ఒకసారి జతగా మార్చాలి, ఒక్కటి మారిస్తే మళ్లీ ఇంకో వైపు వాలుడు. స్ప్రింగు మరీ గట్టిది వేశారో, మళ్లీ రాడ్డు కిట్టు కథే. మరీ మెత్తదైతే సైడు చక్రాలు ఉండీ లేనట్టే.

మరి సరిగా ఉందో లేదో ఎట్టా తెలుస్తాది అని మిస్త్రీని అడిగితే ఆయన చేత్తో ఊపి చూపించబోయాడు. ఊపుడు మీద నాకు నమ్మకం పోయింది అప్పటికే. ఇంటికొచ్చి ఆలోచించి నేనే ఒకటి చేశా. మా ఇంటి ముందు సిమెంటు నేల చదునుగా ఉంటాది, దాని మీద బండి పెట్టి, ముందు చక్రానికి వెనకా, వెనక చక్రాలకి ముందరా అడ్డంగా జానెడు వెడల్పున ముగ్గుపిండి పలచగా చల్లి, నేను బండి మీద కూర్చుని, రోజూ ఏ సంచి పెట్టుకుంటానో ఆ సంచి పెట్టుకుని, మెల్లిగా దాని మీదుగా పోనిచ్చా. దిగి చూస్తే మూడు అచ్చులు. నడిమి అచ్చు వెడల్పుగా, టైరు గీతలన్నీ స్పష్టంగా పడాలి, పక్కవి రెండూ సన్నగా, ఒకదానికొకటి సమానంగా పడాలి. నాకు మొదటిసారి తిరగబడి వచ్చింది, పక్కవి లావు, నడిమిది దారంలాగా. స్ప్రింగు కింద నట్టు రెండు చుట్లు వదులు చేయించి మళ్లీ చల్లి మళ్లీ పోనిచ్చా. నాలుగోసారికి కుదిరింది. అమ్మ "ముగ్గేసే పిండితో నీకేం పనే" అని కోప్పడింది మొదట, ఇప్పుడు నెల మొదటి ఆదివారం ఆమే చల్లి పెడతాది, ఎడమది లావుగా పడింది చూడవే అని ఆమే చెప్తాది. దీనికి పైసా ఖర్చు లేదు. కొత్త కిట్టు బిగించాక షాపు ముందరే ఈ పని చెయ్యండి, మీరు ఎక్కి కూర్చుని చెయ్యాలి, ఖాళీ బండితో చేస్తే లాభం లేదు.

గాలి కూడా దీంతో ముడిపడిందే. బండి పుస్తకంలో ఒక్కరు కూర్చుంటే ముందు 22, వెనక 29 పీఎస్ఐ అని ఉంది, అది రెండు చక్రాల బండికి రాసిన లెక్క, సైడు చక్రాలకి ఎవరూ ఏమీ రాసివ్వలా. పంచర్ షాపులో అన్నిటికీ 30 కొట్టేస్తారు. నేను నడిమికి 29, పక్కవాటికి 20 దగ్గర పెట్టుకుంటా. 18కి దింపితే టైరు అంచులు తొందరగా అరిగాయి, 25కి పోతే ముగ్గుపిండిలో నడిమి అచ్చు సన్నబడింది. నా బరువు 48 కిలోలు, అది గుర్తు పెట్టుకుని చదవండి.

మిగతా పనులు చాలావరకు ఇంట్లోనే చేసుకుంటా, పీట వేసుకుని నేల మీద కూర్చుంటే బండి వెనక భాగం సరిగ్గా నా చేతికి అందే ఎత్తులో ఉంటాది, ఈ పని నాకు కష్టం అనిపించలా ఎప్పుడూ. కిట్టు నట్లు అదురుకి వదులవుతాయి, అది పెద్ద ప్రమాదం, అందుకే ప్రతి నట్టు మీద నించి బోల్టు మీదకి గోళ్ల రంగుతో ఒక గీత గీసి పెట్టుకున్నా. గీత విరిగినట్టు కనపడితే నట్టు తిరిగిందని అర్థం, స్పానర్ తీసుకుని బిగించడమే. ఎర్ర రంగు అయితే బురదలో కూడా కనపడతాది. వారానికోసారి చూసుకుంటే రెండు నిమిషాల పని.

బేరింగులు ఇంకో తలనొప్పి. ఎడమ వైపుదే ముందు పోతాది, రోడ్డు వారగా పోతాం కదా నీళ్లూ ఇసకా దానికే ఎక్కువ. ఇటిక మీద ఆర్ము ఎత్తి పెట్టి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే లూజు ఎంతుందో తెలుస్తాది, తిప్పితే గరగరమంటాది. కొత్తది కొనేటప్పుడు పాత బేరింగు మీద చెక్కిన నంబరు చూపించి అదే తెచ్చుకోండి, చూపుకి ఒకటే మాదిరి ఉండేవి చాలా ఉంటాయి. పాతది కొట్టి తియ్యడానికి మాత్రం పక్కింటి అబ్బాయిని పిలుస్తా, సుత్తి దెబ్బకి నా కూర్చునే పద్ధతి కుదరదు. తీసినాక గ్రీజు దండిగా పెట్టి కొత్తది వేసుకోవడం నేనే.

సైడు టైరు మీద చేత్తో అడ్డంగా ఒక పక్కకి రాస్తే నున్నగా, ఇంకో పక్కకి రాస్తే రంపం మాదిరి గరుకుగా తగిలిందంటే చక్రం బండికి సూటిగా లేదని అర్థం. నూలు దారం తీసుకుని ముందు చక్రం నించి వెనక దాకా లాగి పట్టుకుంటే ఎంత వంకరుందో కనపడతాది. పాత కిట్టుతో ఒక టైరు ఆరు వేల కిలోమీటర్లకే అరిగిపోవడానికి కారణం ఇదే, నేను టైరు మంచిది కాదనుకుని ఇంకోటి కొన్నా, అదీ అట్టనే పోయింది. ఇంజనాయిల్ గురించి చెప్పేదేం లేదు, గేర్ ఆయిల్ మాత్రం చాలామంది మర్చిపోతారు, నా బండికి 120 ఎంఎల్ అంతే పడతాది, లావు సిరంజీతో కొలిచి పోస్తా. సైడు చక్రాల బరువుకి, ఇంజను నించి వెనక చక్రాన్ని తిప్పే బెల్టు మీద లోడు ఎక్కువ, నాది 21 వేలకి విప్పించి చూస్తే పగుళ్లు వచ్చేసి ఉన్నాయి. మైలేజీ 45 వచ్చే బండి 34 ఇస్తాది, దానికి బాధపడి లాభం లేదు.

నడిపేటప్పుడు అలవాటు చేసుకోవాల్సింది మలుపు ఒక్కటే. మామూలు స్కూటర్ మలుపులో లోపలి వైపుకి ఒరుగుతాది, ఇది అట్టా ఒరగదు, మనిషే లోపలి వైపుకి ఒరగాలి, హ్యాండిల్ని బలంగా తిప్పాలి, ముందే స్పీడు 20కి దింపాలి. రోడ్డు వార వాలుగా ఉండే చోట హ్యాండిల్ ఎడమకే లాగతా ఉంటాది, సాయంత్రానికి కుడి భుజం పీకుతాది, అందుకే నేను వెనక ఎవరూ లేనప్పుడు రోడ్డు నడిమికి దగ్గరగా పోతా. ముందు పాత బ్రిడ్జి మీదుగా పోయేదాన్ని, 2022 సెప్టెంబర్లో నెల్లూరు బ్యారేజీ మొదలైనాక వీలున్న రోజు దాని మీద పోతా, లారీలు తక్కువ. మార్చి, ఏప్రిల్ వచ్చిందంటే పల్లె రోడ్లన్నీ సగం వడ్లు ఆరబోసి ఉంటాయి, చుట్టూ రాళ్లు పెడతారు, రెండు చక్రాల బండి మిగిలిన సందులో పోతాది, నాకు పక్క చక్రం ఎప్పుడూ ఆ రాయి ఎక్కాల్సిందే. రైతుల్ని ఏమీ అనలేను, ఆ వడ్లే మా మిల్లుకి వచ్చేది. స్ప్రింగులు వచ్చాక రాయి ఎక్కినా నడుం అదరడం లేదు. రివర్స్ గేర్ లేదు, అందుకని యాడ ఆపినా ముక్కు రోడ్డు వైపు ఉండేట్టే ఆపుతా, లేకపోతే వెనక్కి తియ్యడానికి మళ్లీ ఎవరో ఒకర్ని పిలవాలి.

లైసెన్సు మాట ఒకటి. నాది పాతది, దాని మీద ఇన్వాలిడ్ క్యారేజ్ (చేతకానోళ్ల బండి అన్నట్టు) అని ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో ఆ మాట తీసేసి అడాప్టెడ్ వెహికల్ (మనిషికి తగ్గట్టు మార్చిన బండి) అని పెట్టారు. చిన్న మార్పే, కానీ లైసెన్సు రెన్యువల్ చేయించుకునే రోజు కోసం నేను ఎదురు చూస్తున్నా, ఆ పాత మాట నా కార్డు మీద ఉండటం నాకు ఇష్టం లేదు. ఇంకోటి, కిట్టు వేయించాక ఆ మార్పు ఆర్సీలో రాయించుకోండి, బద్ధకించొద్దు.

ఇంతకీ కొనొచ్చా అంటే, నాకైతే ఈ బండి లేకుండా ఉద్యోగం లేదు, కాబట్టి నా మాటని ఆ లెక్కలోనే తీసుకోండి. మీరు టౌన్లో తారు రోడ్డు మీదే తిరుగుతారు, ఆఫీసుకి ఇంటికి తప్ప పోరు అంటే రాడ్డు కిట్టుతో కూడా ఏళ్లు గడిచిపోవచ్చు, నేను ఫోన్ చేసి హెచ్చరించిన ముగ్గురిలో నెల్లూరు ఆమె ఒకరు ఇప్పటికీ దాంతోనే ఉన్నారు, బాగానే ఉంది అంటారు. పల్లె రోడ్డు, కాలవ గట్టు, వాన ఉండే దారి అయితే వద్దు. రెండు చేతులూ గట్టిగా ఉన్నోళ్లకి నేను చెప్పిన పద్ధతులు కుదురుతాయి, చేతి బలం తక్కువైతే ఆ హ్యాండిల్ లాగుడు మీకు నాకంటే ఎక్కువ ఇబ్బంది పెడతాది, కొనేముందు ఎవరిదైనా తీసుకుని పది కిలోమీటర్లు నడిపి చూడండి. బరువు 70, 80 ఉంటే నా స్ప్రింగు, నా గాలి లెక్క మీకు పనికిరావు, ముగ్గుపిండి చల్లి మీ లెక్క మీరే కట్టుకోవాలి.

నిన్న సాయంత్రం నించి ఎడమ బేరింగు మళ్లీ గరగరమంటా ఉంది. కొత్తది తెచ్చి పెట్టుకున్నా, ఆదివారం పొద్దున పక్కింటి అబ్బాయి ట్యూషన్ నించి వచ్చాక విప్పాలి.